న్యూట్రల్‌లో ప్రాణాపానాలు

పాత అంబాసిడర్ నడిపినవారికి ఈ విచిత్రం తెలిసే ఉంటుంది. హైవే మీద అరవై కిలోమీటర్ల వేగంతో బండి నిమ్మళంగా పోతుంది. ఊళ్ళోకి వచ్చి ఎర్రదీపం దగ్గర ఆగి, గేరు న్యూట్రల్‌లో వేసి, యాక్సిలరేటర్ మీది కాలు తీస్తే చాలు, గడగడలాడుతుంది. స్టీరింగు వణుకుతుంది, బానెట్టు అదురుతుంది, ఒక్కోసారి టప్పున ఆగిపోతుంది కూడా. పని చెప్పినంతసేపూ బుద్ధిగా ఉన్నది, విశ్రాంతి ఇవ్వగానే ఎందుకింత గోల చేస్తుంది?

జపానికి కూర్చునేవారు అడిగేదీ ఇదే. "ఆఫీసులో బాగానే ఉంటుందండీ, కళ్ళు మూసుకున్నప్పుడే లోకమంతా లోపలికి వచ్చి పడుతోంది" అంటారు. మనసు కోతి అని చెప్పి ప్రవచనకారులు ఊరుకుంటారు. కాదని ఎవరంటారు? కానీ ఆ జవాబు దోషానికి పేరు పెడుతుందే తప్ప అది ఎక్కడుందో చూపదు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనసును పగ్గంగా, ఇంద్రియాలను గుర్రాలుగా చూపించాడు. ఆనాడు వీధిలో తిరిగే వాహనం అది. మన కాలపు రథానికి బానెట్టు ఎత్తి చూస్తే అపచారమేమీ కాదు.

పెట్రోలు ఇంజిన్ ఊపిరి పీల్చే యంత్రం. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా గాలి కార్బొరేటర్ గుండా వస్తూ పెట్రోలును వెంట తెచ్చుకుంటుంది. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి ఉంటే రెండూ మిగలకుండా కాలతాయి. మరీ ఎక్కువ తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం చెప్పిన యుక్తాహారం ఇంజిన్‌కూ వర్తిస్తుంది. ఈ గాలి దారిలో థ్రాటిల్ అనే చిన్న రేకు తలుపు ఉంటుంది. కాలు నొక్కితే తెరుచుకుంటుంది, తీస్తే మూసుకుంటుంది. తలుపు మూసినా పిస్టన్లు లాగడం మానవు. అందువల్ల సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ గొట్టం లోపల శూన్యం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఖాళీగా నడిచేటప్పుడు ఆ శూన్యం పాదరసం లెక్కలో 18 నుంచి 21 అంగుళాల దాకా ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే దాదాపు సున్నాకు పడిపోతుంది. ఇంజిన్ లోపల లాగుడు తీవ్రంగా ఉండేది కాలు నొక్కి బండిని పరుగెత్తించేటప్పుడు కాదు, ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు.

ఇప్పుడు కార్బొరేటర్ దాటాక, ఇన్‌లెట్ మానిఫోల్డ్ ఇంజిన్ హెడ్డుకు అతుక్కునే చోట సందు మూసే గాస్కెట్ వెంట్రుకవాసి చీలిందనుకోండి. హైవే మీద అది లెక్కలోకి రాదు. లాగే బలం తక్కువ, వచ్చే గాలి ఎక్కువ. న్యూట్రల్‌లో అదంతా తలకిందులవుతుంది. లాగే బలం ఎక్కువ, రావలసిన గాలి గుక్కెడు. ఆ గుక్కెడులోనే చీలిక గుండా దొంగగాలి కలుస్తుంది. కార్బొరేటర్‌కు తెలియకుండా వచ్చింది కాబట్టి దానికి పెట్రోలు జత ఉండదు. మిశ్రమం పలచబడుతుంది, ఏదో ఒక సిలిండర్‌లో మంట తప్పుతుంది. ఎయిర్ లాగుతోంది, మిస్సింగ్ కొడుతోంది అని మెకానిక్కులు అనేది దీన్నే.

కళ్ళు మూసుకున్నవాడి అవస్థా ఇదే. ఇంద్రియాల తలుపులు మూశాడు గానీ లోపలి లాగుడు ఆగలేదు. చూపుకూ మాటకూ పని ఉన్నంతసేపూ చెల్లాచెదురైన ఆ లాగుడంతా ఇప్పుడు ఒక్కచోట చేరింది. పగలు కనిపించని సన్నని చీలిక, అంటే ఎవరి మీదో ఒక ఈర్ష్య, తీరని ఒక లెక్క, రావలసిన ఒక పొగడ్త, అక్కడే ఉంది. ధ్యానం దాన్ని పుట్టించలేదు. ఉపవాసం చేసేవాడికి విషయాలు దూరమైనా వాటి మీది రుచి మిగిలే ఉంటుందని గీత రెండో అధ్యాయం హెచ్చరించేది ఈ సంగతే. ధ్యానం నాకు పడదండీ అని లేచిపోయేవాడు, బండి వణికినందుకు ట్రాఫిక్ దీపాన్ని తిట్టుకున్నట్టే.

అయితే సగం మంది చేసే చికిత్స వేరే ఉంది. కార్బొరేటర్ పక్కన థ్రాటిల్‌ను పూర్తిగా మూసుకోనివ్వకుండా ఆపే స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని రెండు చుట్లు బిగిస్తే నిమిషానికి 800 దగ్గర వణికే ఇంజిన్ 1200 దగ్గర సాఫీగా తిరుగుతుంది. యజమాని సంతోషిస్తాడు, చీలిక అలాగే ఉంటుంది. లోపల చీలికను వదిలేసి జపసంఖ్య పెంచుకుంటూ పోవడం, వారానికొక క్షేత్రం తిరగడం, వినే ప్రవచనాల సంఖ్యను రెట్టింపు చేయడం ఈ స్క్రూ తిప్పడమే. తీర్థయాత్రలను నేను తక్కువ చేయడం లేదు. మౌనంగా ఒక్క పావుగంట కూర్చోలేనివాడు యాత్రల వేగం పెంచుకుని శాంతి దొరికిందనుకోవడం గురించే నా అభ్యంతరం.

స్క్రూ బిగించినవాడికి మరో వింత ఎదురవుతుంది. తాళం తిప్పి ఇంజిన్ ఆపుతాడు, అది ఆగదు. ప్లగ్గులకు కరెంటు పోయినా దడదడమని దగ్గుతూ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. థ్రాటిల్ పూర్తిగా మూసుకోలేదు కాబట్టి గాలీ పెట్రోలూ ఇంకా అందుతున్నాయి. సిలిండర్ లోపల పేరుకుని కణకణలాడే మసి, నిప్పురవ్వ చేయవలసిన పని తాను చేస్తోంది. ఇక్కడ శాస్త్రం తెలిసినవారే పొరబడే ఒక చోటుంది. కుండ దించేసినా కుమ్మరి సారె కాసేపు తిరుగుతుందనీ, జ్ఞాని శరీరం అలాగే ప్రారబ్ధవశాన నిలుస్తుందనీ సాంఖ్యులూ వేదాంతులూ చెప్పారు. నిజమే. కానీ సారె కొత్తగా ఏమీ తీసుకోదు, పాత ఊపు మీద తిరిగి ఆగిపోతుంది. తాళం తీశాక తిరిగే ఇంజిన్ కొత్త పెట్రోలు తాగుతూ తిరుగుతోంది. దాన్ని ప్రారబ్ధమంటే ఒప్పుకోను, అది వాసన, లోపల పేరుకున్న పాత సంస్కారం. ఉద్యోగం నుంచి రిటైరై, ఆస్తులు పంచేసి, అన్నీ వదిలేశానని చెప్పి, ఇంకా కోడలు వండే కూరలో ఉప్పు మీద తీర్పులిచ్చే పెద్దాయన "నా ప్రారబ్ధమమ్మా" అంటే నమ్మనక్కర్లేదు.

చీలికను పట్టుకునే పద్ధతి చాలా సాదా. ఇంజిన్ నడుస్తుండగా అతుకుల వెంట కార్బొరేటర్ క్లీనర్‌ను కొద్దికొద్దిగా చిమ్ముతూ పోతారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన ఇది ప్రమాదం, చేయి తిరిగినవాడే చేయాలి. కారుతున్న చోట తుంపర పడగానే ఇంజిన్ స్వరం మారుతుంది. అంతే, దోషం అక్కడుంది. వెతికేవాడి చెవి అంతసేపూ ఇంజిన్ మీదే ఉండాలి, చేయి తొందరపడకూడదు. ఒక్కొక్క తలపు లేచినప్పుడు దాని వెంట పోకుండా అది ఎవరికి కలిగిందో చూడమని రమణ మహర్షి చెప్పిన విచారణకు నాకు దొరికిన దగ్గరి వివరణ ఇది. తలపులన్నీ మనల్ని కదిలించవు. కొన్ని పేర్లు తలచుకున్నప్పుడే ఊపిరి మారుతుంది. అక్కడ ఆగాలి. చిత్తవిక్షేపానికి వెన్నంటి వచ్చేవాటిలో దుఃఖం, నిస్పృహ, ఒళ్ళు వణకడంతో పాటు గతి తప్పిన శ్వాస ప్రశ్వాసలను కూడా పతంజలి లెక్కపెట్టాడు. ఆ సూత్రం చదివినప్పుడల్లా నాకు సిగ్నల్ దగ్గరి అంబాసిడర్ గుర్తొస్తుంది.

ఇది లోపలికి పోయే గాలి కథ. బయటికి పోయే గాలిది వేరు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ కాలిపోతే పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్‌టిక్‌మని సన్నని చప్పుడు వినిపిస్తుంది. టాపెట్లు లూజయ్యాయనుకుని వాటిని సర్దించుకుని వచ్చేవారు ఎందరో. చప్పుడు మాత్రం పోదు. తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. బండి వేడెక్కేకొద్దీ ఇనుము వ్యాకోచించి సందు పూడుకుంటుంది, చప్పుడు సన్నగిల్లుతుంది. అందుకే యజమాని గ్యారేజీకి తీసుకువెళ్ళేసరికి రోగం మాయమై, మర్నాడు మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. చల్లటి ఇంజిన్ దగ్గర దీపం పట్టి చూస్తే గాస్కెట్ అంచున నల్లటి మసి చార కనిపిస్తుంది. ఆ చార అబద్ధమాడదు. కారుతున్న ఎగ్జాస్ట్ ఉన్న బండిలో కాలు హఠాత్తుగా తీస్తే వెనక గొట్టంలో ఫట్ ఫట్‌మని పేలుతుంది కూడా. సందులోంచి చొరబడిన కొత్త గాలితో కలిసి, కాలకుండా పోతున్న పెట్రోలు ఆవిరి గొట్టం వేడికి అంటుకోవడం వల్ల వచ్చే చప్పుడు అది.

బయటికి పోయే ఊపిరి మీదనే మాట ప్రయాణం చేస్తుంది. లోపల కాలిన దాన్ని సైలెన్సర్ దాకా సాగనంపకుండా దారిలోనే వదిలే నోళ్ళున్నాయి. సభలో వేడిగా మాట్లాడేటప్పుడు వాటి లోపం తెలియదు, వాగ్ధాటిలో పూడుకుంటుంది. పొద్దున్నే ఇంట్లో, కాఫీ ఆలస్యమైనప్పుడు వినాలి ఆ టిక్‌టిక్. వాక్తపస్సు గురించి గీత పదిహేడో అధ్యాయం చెప్పినదాన్ని సభల్లో వివరించే మనబోటివాళ్ళను కూడా పరీక్షించవలసింది ఆ వేళలోనే, ఆ పరీక్ష చేయగలిగిన వారు ఇంట్లోవాళ్ళే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం బి సిరీస్ ఇంజిన్ నిర్మాణం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాతో ఉత్తర్‌పారాలో తయారై 2014 దాకా వచ్చిన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఈ వంశానిదే. ఇంగ్లండులో ఎంజీబీ స్పోర్ట్స్ కారుకు పెట్టిన 1798 సీసీ ఇంజిన్ దీనికి తమ్ముడు. ఈ ఇంజిన్లలో గాలి పీల్చే దారీ, పొగ వదిలే దారీ హెడ్డుకు ఒకే పక్కన ఉంటాయి. ఎంజీబీలో రెండు మానిఫోల్డులకూ గాస్కెట్ ఒకటే. మధ్య స్టడ్ల మీద మందపాటి పెద్ద వాషర్లు ఉంటాయి. ఒక్కొక్క వాషర్ సగం ఇన్‌లెట్ అంచునూ, సగం ఎగ్జాస్ట్ అంచునూ అదిమి పడుతుంది. కాబట్టి రెండు అంచుల మందం సమానంగా ఉండాలి. ఏ మరమ్మతులోనో ఒకదాన్ని ఎక్కువ అరగదీసి ఉంటే వాషర్ మందమైన దాన్ని పట్టుకుని పలచని దాన్ని వదిలేస్తుంది. ఎంత బిగించినా ఒకటి కారుతూనే ఉంటుంది. కసిదీరా బిగిస్తే స్టడ్డు విరుగుతుంది.

ప్రాణాపానాలను సమానం చేయమని గీత ఐదో అధ్యాయం 27వ శ్లోకం చెబుతుంది. ఆ మాటకు ఉచ్ఛ్వాస నిశ్వాసల నిడివి లెక్కలు చాలామంది చెప్పారు. నాకు తోచే అంతరార్థం ఒకటుంది. లోకం నుంచి తీసుకునేదీ, లోకానికి తిరిగి ఇచ్చేదీ ఒకే పలక మీద కూర్చున్నాయి. వినడంలో శ్రద్ధ లేనివాడి మాట బిగువుగా ఉండదు. మాట జారేవాడు విన్నది నిలుపుకోలేడు. ఒకదాన్ని మాత్రమే పట్టి బిగించే నియమం, అది మౌనవ్రతమైనా సత్సంగమైనా, రెండోదాన్ని వదులు చేస్తుంది. ముందు రెండు ముఖాలనూ చదును చేయాలి. ఇంజిన్ చల్లారాక విప్పి, పాత గాస్కెట్ ముక్కలు గీకి, సమతలం చూసే ఇనుప పట్టీ ఆనించి వంపు చూసి, అవసరమైతే ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్ వేసి, నట్లను మధ్య నుంచి చివరలకు విడతలు విడతలుగా బిగించాలి. ఒకసారి వేడెక్కించి, చల్లార్చి, మళ్ళీ బిగించాలి. గాస్కెట్ వేడికి అణిగి కూర్చున్నాక నట్లు వదులవుతాయి కాబట్టి. దీక్ష తీసుకున్న కొత్తలో వచ్చే గట్టిదనాన్ని నమ్మవద్దని పెద్దలు ఎందుకంటారో ఇక్కడ తెలుస్తుంది. ఇంకా ప్రతి నట్టుకూ ఒక తత్వం అంటగట్టను, అది వ్యాఖ్యాతల జబ్బు.

మరమ్మతయ్యాక కుదిరిందో లేదో చూసే పరీక్ష ఒకటి మాత్రం చెప్పి తీరాలి. బ్రిటిష్ కార్లలో ప్రసిద్ధమైన ఎస్‌యూ కార్బొరేటర్‌ను స్కిన్నర్ సోదరులు రూపొందించారు. తొలి నమూనాల్లో తోలుతిత్తి ఉండేది, తర్వాత దాని స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది. శరీరాన్ని తోలుతిత్తి అని పాడుకున్న మన తత్వకారులు వింటే నవ్వుకునేవారు. ఖాళీగా నడిచే ఇంజిన్ మీద ఆ పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా తక్కువ, అలా తాకీ తాకనట్టు ఎత్తాలి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఇంజిన్ ఆగిపోతే పెట్రోలు తక్కువ. కాస్త పెరిగి మళ్ళీ తన చోటికి తాను వస్తే మిశ్రమం సరిగ్గా ఉంది. స్థితప్రజ్ఞుడంటే చలనమే లేనివాడని అనుకునేవారికి నేను ఈ పరీక్షే చూపిస్తాను. తాకితే కదలనిది ఇరుక్కుపోయిన పిస్టన్.

పోలిక ఇక్కడితో చాలు. ప్రాణం వల్లా కాదు, అపానం వల్లా కాదు, ఆ రెండూ దేన్ని ఆశ్రయించాయో దానివల్లే మనిషి బతుకుతున్నాడని కఠోపనిషత్తే ముందుకు పోయి చెప్పింది. అక్కడికి స్పానర్లు రావు. మీ షెడ్డులో పాత కారుంటే ఒక్క మాటను మాత్రం అంతరార్థం వెతక్కుండా ఉన్నదున్నట్టు తీసుకోండి. ఎగ్జాస్ట్ కారుతున్న బండిని మూసిన గదిలో స్టార్ట్ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. బండిని ఆరుబయటికి తోసుకుని వచ్చి చూసుకోండి.