మూడవ మెట్టు



ఈసారి వాక్య ధ్యానము కాకపోయినా ఫరవాలేదు, మనవాళ్ల ఇళ్లలో జరిగే సంగతి ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. గనుక మా ఇంటి ముందరి మెట్ల గురించి రాస్తున్నాము. మెట్ల గురించి రాయడానికి ఏముంటుందని కొందరు అనుకోవచ్చు. మేమూ మొన్నటివరకు అలాగే అనుకున్నాము.

మాది పావగడ తాలూకా వల్లూరు. కర్ణాటకలో ఉన్న ఊరే అయినా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము. ఇప్పుడు ఆ పేరు చెబితే సోలార్ పార్కు ఊరా అని అడుగుతున్నారు. నిజమే, సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల కరెంటు తీసే ఆ పార్కు కోసము భూములు కౌలుకిచ్చిన ఐదు ఊళ్లలో మాదీ ఒకటి. మా చిన్నతనములో ఆ నేలమీద వేరుశనగ, వాన కోసము ఎదురుచూపు తప్ప వేరేమీ ఉండేది కాదు. మా ఇంటి ముందర మూడు రాతి మెట్లు ఉండేవి. మా తాతగారి కాలములో వేసినవి. నడుమ అరిగి నున్నబడ్డాయే గాని, అవి కుళ్ళుతాయనే మాట మాకు ఏనాడూ తోచలేదు. రాయి ఒరిగితే ఒరిగినట్టు కనబడుతుంది, కదిలితే కాలికి తెలుస్తుంది. ఇంటి ముందు భాగములో చెక్క అంటే తలుపు, ద్వారబంధము, గడప. వాటికి వాన భయము కంటే చెదల భయమే ఎక్కువ. ఒకసారి ఆచారిని పిలిపిస్తే ఆయన గడపను వంగి చూడలేదు. ఉలి పిడితో తట్టి, చెవి పెట్టి విన్నాడు. పైకి నిక్షేపముగా ఉన్న చెక్క డొల్లగా మోగింది.

ఆ సంగతి న్యూజెర్సీలో మా కుమారుడు ఇల్లు కొన్నప్పుడు మాకు గుర్తుకు రాలేదు. ఇక్కడ ముందు వాకిలికి చేరాలంటే నాలుగు చెక్క మెట్లు ఎక్కి, డెక్ అనబడే చెక్క అరుగు మీదికి రావాలి. కొన్ననాడు ఆ మెట్లు కొత్త పెయింటుతో మెరుస్తున్నాయి. రెండు చలికాలాలు గడిచేసరికి మూడవ మెట్టు ఎడమ పక్క కాలు పెడితే కొంచెము దిగడము మొదలుపెట్టింది. మా వాడు ఎండలు వచ్చాక చూద్దామన్నాడు. ఎండలు వచ్చాయి, సెలవులు వచ్చాయి, మళ్లీ మంచు వచ్చింది. ఈలోగా ఇంట్లో అందరము ఆ మెట్టును దాటి కాలు వేయడము నేర్చుకున్నాము. మా మనవడు దిగేటప్పుడు కూడా “నాలుగు, రెండు, ఒకటి” అని లెక్కపెట్టేవాడు. మేము విని నవ్వుకునేవాళ్లము.

ఒక బుధవారము సాయంత్రము మా ఇంట ప్రార్థన కూటము. ఒంగోలు వైపునుండి కుమార్తె దగ్గరికి కొత్తగా వచ్చిన ఒక సహోదరి, మాకంటే రెండు మూడేళ్లు పెద్ద, చేతిలో పులిహోర గిన్నెతో ఎక్కుతూ మూడవ మెట్టు మీద పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకొని వచ్చాక ఆమె అన్న మాట, “నా కాలే తడబడింది తమ్ముడూ, మీ పిల్లలు ఏమీ అనుకోవద్దు.” దానికి మేము, “వయసు మీద పడుతోంది గదక్కా, చూసుకొని నడవాలి” అన్నాము. మరుసటి కూటములో ఆమె స్వస్థత కొరకు ప్రార్థన కూడా మేమే చేశాము. మెట్టు మాట ఎత్తలేదు.

ఇందులో మేము ఆడిన అబద్ధము ఏది? వయసు మీద పడటము నిజమే. చూసుకొని నడవాలన్నదీ నిజమే. అయినా ఆ రెండు నిజములను కలిపి ఒక అబద్ధము చెప్పినట్టు ఆ రాత్రి మాకు అనిపించింది. ఆమె తన కాలిని నిందించుకుంటూ ఉంటే మేము ఊరకున్నాము. అంతే కాదు, దానిని బలపరిచాము.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలనే ఆజ్ఞ ఉన్నది. లేకపోతే పడినవాని రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వస్తుంది. వల్లూరులో వేసవి రాత్రులు మిద్దె మీద పడుకొని పెరిగినవాళ్లము గనుక ఆ వచనము మాకు చిన్నప్పుడే అర్థమైంది. అయితే ఎవరైనా అనవచ్చు, మాకు తెలియక జరిగితే? దానికి నిర్గమకాండము 21లో పొడిచే ఎద్దు సంగతి చూడండి. ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దు చావాలి, యజమానుడు నిర్దోషి. కాని అది ఇదివరకే పొడిచేదై, ఆ సంగతి యజమానునికి తెలియజేసినా దానిని భద్రము చేయకపోతే అతడు దోషియే. తేడా అంతా తెలియడములోనే ఉన్నది. మా ఎద్దు ఎలాంటిదో మా మనవనికి కూడా తెలుసు.

మమ్మును ఎక్కువగా బాధపెట్టినది ఇంకొకటి ఉన్నది. ఇంటివారికి పాడైన మెట్టు అలవాటైపోతుంది. వారు పడరు. పడేది కొత్తగా వచ్చిన మనిషి, అదీ చేతిలో మనకోసము ఏదో తెచ్చిన మనిషి. సంఘములో కూడా ఇది చూశాము. ఏ ఇద్దరు పెద్దలకు పడదో, ఏ మాట ఎత్తకూడదో పాతవారందరికీ తెలుసు. దేశమునుండి కొత్తగా దిగిన కుటుంబము తెలియక నేరుగా దానిమీదే కాలు పెడుతుంది, తరువాత ఆ కుటుంబము కలిసిపోలేదని మనమే అంటాము.

ఆ శనివారము మరమ్మతుకు కూర్చున్నాము. మా వాడు ఒక్క పలక మార్చితే చాలనుకున్నాడు. వడ్రంగము తెలిసిన మన సంఘ సహోదరుడు ఒకరు సాయము వచ్చి, పలక ఊడదీసి, మెట్లను మోసే పక్క దూలములో స్క్రూడ్రైవర్ గుచ్చారు. ఉడికిన చిలగడదుంపలో దిగినట్టు పిడివరకు దిగింది. దూలము అడుగు నేరుగా మట్టిలో ఉన్నది, కోసిన కొన గుండా తడి పైకి పీల్చుకున్నది. చెక్కను తినే బూజుకు తడి కావాలి. తేమ నూటికి 20 వంతులకు లోపల ఉన్న చెక్క సాధారణముగా కుళ్ళదని ఆయన చెప్పారు. మేము అందముగా ఉన్నదని మురిసిన పెయింటే లోపలి తడిని ఆరనీయలేదు.

మొత్తము ఊడదీశాము. మందు ఎక్కించిన కొత్త చెక్కతో దూలాలు కోసి, అడుగున మట్టి తగలకుండా కాంక్రీటు దిమ్మె మీద నిలిపాము. నీరు జారిపోవడానికి పలకల మధ్య సందు విడిచాము. ఇప్పటి చెక్కలోని రాగి మందు మామూలు మేకులను తినేస్తుంది గనుక జింకు పూత దట్టముగా ఉన్నవే వాడాము. మరొక మాట, ఎవరైనా పాత మెట్లు ఊడదీస్తే ఆ ముక్కలను పొయ్యిలో కాల్చవద్దు. 2003 చివరివరకు ఈ దేశములో ఇళ్లకు వాడిన మందు చెక్కలో ఆర్సెనిక్ ఉండేది. మెట్ల ఎత్తులన్నీ సమానముగా ఉండాలని, అన్నిటికంటే ఎత్తైన దానికీ తక్కువైన దానికీ తేడా 3/8 అంగుళము మించరాదని ఇక్కడి నమూనా నిర్మాణ నియమములలో ఉన్నది. ఆ సంగతి విని మేము ఆశ్చర్యపడ్డాము. మొదటి మెట్టు ఎత్తును బట్టి కాలు తక్కినవాటిని నమ్ముతుందట.

పని చేస్తుండగా లేవీయకాండము 14 గుర్తుకు వచ్చింది. ఇంటి గోడకు పొడ వచ్చినప్పుడు యాజకుడు తానుగా రాడు. ఇంటి యజమానుడే వెళ్లి, నా ఇంట్లో ఇలాంటిది కనబడుతోందని తెలియజేయాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీసి ఊరి వెలుపల వేసి, మచ్చ ఉన్నచోటే కాక ఇంటి లోపల చుట్టూ గీకించాలి. కాలిఫోర్నియాలోని బర్క్లీలో 2015 జూన్ 16న లోపల కుళ్ళిన బాల్కనీ కూలి ఆరుగురు యౌవనస్థులు చనిపోయారు. ఆ తరువాత 2018లో ఆ రాష్ట్రము మూడు, అంతకు మించిన కాపురాలుండే అద్దె భవనములలో బాల్కనీలను, మెట్లను తనిఖీ చేయించాలని చట్టము చేసింది. మన ఇళ్ల మెట్లను తనిఖీ చేయడానికి ఎవరూ రారు. మనమే చూసుకోవాలి, మనమే చెప్పాలి.

చెప్పడమే కష్టమైంది. మా మేలు కోరే ఒక మిత్రుడు, “ఈ దేశములో తప్పు ఒప్పుకోకూడదండీ, రేపు కోర్టు అంటే ఇల్లు పోతుంది. మెట్లు బాగుచేశారు గదా, ఊరుకోండి” అన్నారు. ఆయనను తప్పుపట్టలేము. మేము పది రోజులు ఊరుకున్నాము కూడా. అయితే ఆమె వైద్య ఖర్చు ఆమె అల్లుడు కడుతున్నాడు. సందర్శకుల బీమా కొంతే ఇచ్చింది. ఇక్కడి గృహ బీమాలో సాధారణముగా, ఇంటికి వచ్చినవారికి గాయమైతే తప్పెవరిదని అడగకుండానే కొంత వైద్య ఖర్చు ఇచ్చే భాగము ఉంటుంది. మా మౌనము వల్ల ఆ సొమ్ము అడిగేవారు లేకపోయారు. కోర్టు భయము మాది, అప్పు వారిది.

పదకొండవ రోజు మేమిద్దరము వారి ఇంటికి వెళ్లాము. టీ ఇచ్చారు. టీ తాగకముందే చెప్పాము: అక్కా, తడబడినది మీ కాలు కాదు, ఆ మెట్టు పాడైనదని మాకు ఏడాదిగా తెలుసు, ఆ రోజు మీతో అన్న మాట తప్పు. బీమా కాగితములు కూడా ముందు పెట్టాము. వారి కుమార్తె ముఖము మారింది, ఏదో అనబోయి ఆగింది. ఆమె మాత్రము కట్టు ఉన్న చేతిని ఒడిలో పెట్టుకొని కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది, “పట్టుకోవడానికి ఏమైనా పెట్టించారా తమ్ముడూ?”

లేదు. నాలుగు మెట్లకేమిటని వదిలేశాము. ఆ వారమే మా వాడు కుడి పక్కన చేతి కమ్మీ బిగించాడు. తరువాతి బుధవారము మా ఆవిడ గుమ్మములో నిలబడి ఉండగా ఆమె ఎడమ చేత్తో దానిని పట్టుకోబోయి, అది అవతలి పక్కన ఉన్నదని చూసి నిలిచిపోయింది. రెండవ పక్కకు కూడా కమ్మీ కోసము కొలతలు తీసుకున్నాము.