కారులో నాదోపాసన

కొత్త స్పీకర్లు, యాంప్లిఫయర్ పెట్టించి కారులో త్యాగరాజ కృతి వింటే భక్తి పెరుగుతుందా? నాదాన్నే ఉపాసించిన త్యాగయ్య (1767–1847) పాడింది తెలుగులో. కాబట్టి ఈ ప్రశ్న తెలుగువాళ్ల ఇంటిదే.

కంపెనీ స్టీరియో ఒక్కో స్పీకరుకు నికరంగా ఇచ్చేది చాలా కార్లలో 15–20 వాట్లే. వాల్యూమ్ బాగా పెంచితే తరంగాల కొసలు తెగి తంబుర శ్రుతి గరగరలాడుతుంది. విడి యాంప్లిఫయర్ పెడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది; దానికి వెళ్లే కరెంటు తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయాలి. తలుపు రేకుకు లోపల డ్యాంపింగ్ షీటు అంటిస్తే అదురు తగ్గి, మృదంగం మీద ఎడమచేతి వాయింపు విడిగా తెలుస్తుంది. విద్వాంసుడి శ్రమకు ఇది దక్కాల్సిన మర్యాదే.

అయితే భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తిమార్గాల్లో మొదటిదైన శ్రవణానికి మనసు కూడా కావాలి. పక్క బండి అద్దాలు అదిరేలా బేస్ పెంచినవాడికి సాహిత్యం చెవికెక్కదు. అందుకే బేస్ కోసం సబ్‌వూఫర్‌కు పెట్టే డబ్బులో కొంత తలుపుల డ్యాంపింగ్‌కు పెట్టడం మేలు.