నల్లబల్ల నీతి

మన్నెగూడలో మేము పాఠము చెప్పు గదియందు ఒక నల్లబల్ల కలదు. బాలుడు తాను చేసిన లెక్కను దానిపై వ్రాసినచో, తప్పున్నను తోడివారు దిద్దుదురు. పలకలో దాచుకొన్నచో ఆ తప్పు అట్లే నిలుచును. ఈ చిన్న సంగతి నేటి పెద్ద ప్రశ్న యొకదానికి దారి చూపునని మాకు తోచుచున్నది.

తనంత తానే చూచి, నిర్ణయించి, పనిచేయు యంత్రములు నేడు పుట్టుచున్నవి. దారి చూచు ప్రోగ్రామును ఒకరు వ్రాయుదురు; నిర్ణయము చేయుదానిని వేఱొకరు; బండిని నడపుదానిని మఱియొకరు. ఆ బండి యొకనిని గాయపఱచినచో, మా భాగము నిర్దోషమని ముగ్గురును పలుకుదురు. మఱి దోషమెవరిది?

1999 సెప్టెంబరులో నాసావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటరు అంగారక గ్రహమును చేరుచు నశించెను. న్యూటన్ల ప్రమాణమున ఈయవలసిన లెక్కను ఒక ప్రోగ్రాము పౌండ్ల ప్రమాణమున నిచ్చెను. అందుకొన్నది న్యూటన్లే యని నమ్మెను. రెండును కలియుచోట ఆ తేడా సకాలమున బయటపడలేదు.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు బహుమానమందిన రాజ్ రెడ్డిగారు, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున సహచరులతో గూడి, 1970 దశకమున, మనుష్యుల మాటను గ్రహించు 'హియర్‌సే' యను ప్రోగ్రామును నిర్మించిరి. అందు ధ్వని నెఱిగిన భాగము, పదముల నెఱిగిన భాగము, వాక్యము నెఱిగిన భాగము వేర్వేఱు. ప్రతిభాగమును తన యూహను, ఆ యూహ యెంత నమ్మదగినదో సూచించు సంఖ్యతో, అందఱకు నుమ్మడియైన యొక 'నల్లబల్ల'పై నుంచును. తక్కినవి దానిని బలపఱచును, లేదా త్రోసివైచును. తన సందేహమును దాచుకొనకుండుట ఇందలి నీతి.

అయినను బల్ల యొక్కటియే చాలదు. కఠోపనిషత్తు ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును కళ్లెముగను, బుద్ధిని సారథిగను చెప్పి, వీనికి వేఱుగా రథికు నొకని నిలిపినది. మన యంత్రమునకు రథికుడెవడు? భాగములను కూర్చి వీథిలోనికి విడిచినవాడే యని మా యభిప్రాయము. భాగములు కలిసినప్పుడు పుట్టు తప్పులన్నిటిని ముందుగా నెఱుగుట అసాధ్యమని కొందఱందురు. నిజమే. కాని యెఱుగనిదానిని పరుల ప్రాణములపై పరీక్షించు హక్కు ఎవరిచ్చిరి? కూర్చుటయు నొక కర్మమే. దానికి కర్త పేరుండవలెను.

పాఠము ముగియగనే బల్ల తుడుచుట మా యలవాటు. ఈ యంత్రముల బల్లను మాత్రము, గాయపడినవాడు చదువుకొనువఱకు, తుడువరాదు.