ఆప్తవాక్యం, జంబో బ్యాగు

వెయ్యి కిలోల సరుకు మోయాల్సిన జంబో బ్యాగు ఎంత గట్టిదో తేల్చాలంటే దాన్ని యంత్రానికి వేలాడదీసి లాగాలి. ఒక్కసారి వాడి తీసేసే రకానికి అంతర్జాతీయ ప్రమాణం అడిగే భద్రతా నిష్పత్తి 5:1. అంటే ఆ సంచి ఐదు వేల కిలోల భారానికి తట్టుకోవాలి. పలుమార్లు వాడేదానికి కనీసం 6:1. అంత భారం పడ్డ సంచిని మళ్లీ సరుకుకు వాడరు. పరీక్షించిన సంచిలో సరుకు నింపరు, సరుకు నింపిన సంచిని పరీక్షించి ఉండరు. పారిశ్రామిక ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు సరఫరాదారును ఎంచుకోవడంలో అసలు చిక్కు ఇదే. ధర, గడువు దీని తర్వాతి మాటలు. చూడనిదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, దేని బలంతో నమ్మవచ్చు అన్నది ప్రమాణాల, అంటే నిజం తెలుసుకునే సాధనాల, ప్రశ్న. భారతీయ తార్కికులు శతాబ్దాలపాటు దీని మీదే వాదులాడుకున్నారు.

న్యాయదర్శనం ఒప్పుకున్న ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం (హేతువును బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక), శబ్దం. ఉపమానానికి ఈ వ్యవహారంలో పెద్ద పనిలేదు.

ప్రత్యక్షం అందరికీ ముందు గుర్తొచ్చేది, ఇక్కడ తొందరగా మోసపోయేదీ అదే. నేత సంచిని తూకం వేసి చూడటం కొనుగోలుదారులకు అలవాటు. చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని ఒప్పందంలో రాసుకుంటారు, తూకం సరిపోతే తృప్తి పడతారు. పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక. అందులో కలిపే కాల్షియం కార్బొనేట్, అంటే సుద్దపొడి, దానికి దాదాపు మూడింతల సాంద్రత గలది, ధర కూడా తక్కువ. మితిమీరి సుద్ద కలిపిన సంచి తూకానికి సరిగ్గా తూగుతుంది, లాగితే ముందే తెగుతుంది. కాటా అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

అందుకే అనుమానం అవసరపడుతుంది. సంచి ముక్కను కొలిమిలో కాలిస్తే ప్లాస్టిక్ పోతుంది, బూడిద మిగులుతుంది. పొగను చూసి నిప్పును ఊహించినట్టు బూడిదను చూసి సుద్దను ఊహించవచ్చు. అయితే తెల్లరంగు కోసం వేసే టైటానియం డయాక్సైడ్ కూడా బూడిదగానే మిగులుతుంది. బూడిద ఉందన్నంత మాత్రాన సుద్ద కలిపారనడం తార్కికుల భాషలో అనైకాంతికం, అంటే గురి తప్పగల హేతువు.

మరో అనుమానం కొనుగోలు విభాగాల్లో రోజూ వినబడేదే: మూడేళ్లుగా మంచి సరుకు ఇచ్చారు కాబట్టి ఈసారీ మంచిదే ఇస్తారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఇలాంటి చోట వెతకమనేది ఉపాధిని. నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండదు, తడి కట్టె తోడైతేనే ఉంటుంది. ఆ తడి కట్టె ఉపాధి. సరఫరాదారు మంచితనానికీ అలాంటి తడి కట్టెలు ఉంటాయి: అదే గ్రేడు గుళికలు, అదే మగ్గం, ఎండకు పెళుసెక్కకుండా కలిపే అదే స్టెబిలైజరు. వీటిలో ఒకటి చెప్పకుండా మారిస్తే మూడేళ్ల చరిత్రతో కట్టుకున్న వ్యాప్తి, అంటే ఇది ఉంటే అది తప్పదనే సంబంధం, తెగిపోతుంది. ముడిసరుకు మార్చేముందు రాతపూర్వకంగా తెలపాలన్న షరతు ఒప్పందంలో ఉండటం, గత చరిత్ర ఎంత గొప్పదన్నదానికంటే ముఖ్యం.

ఇక మిగిలింది శబ్దం, అంటే సరఫరాదారు మాట, అతడి టెస్ట్ సర్టిఫికెట్. బజారులో దొరికే సంచికి పదిమంది వాడుకదారుల అనుభవం సాక్ష్యంగా ఉంటుంది. కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకున్న సంచికి ఆ సాక్ష్యం లేదు. దాన్ని చేసినవాడొక్కడే దాన్ని ఎరుగును. న్యాయసూత్రాలు ఆప్తుడి ఉపదేశాన్నే ప్రమాణమన్నాయి. వాత్స్యాయనుడి భాష్యం ప్రకారం ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినట్టే చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆయన అన్నాడు. పేరుమోసిన సంస్థ లెటర్‌హెడ్డుకు ప్రత్యేక ప్రామాణ్యం లేదన్నమాట.

మాట చెడటానికి సంప్రదాయం నాలుగు దోషాలు చెబుతుంది. భ్రమ అంటే పొరబడటం: కాలిబ్రేషన్ గడువు తీరిన యంత్రం మీద నిజాయితీగా తీసిన అంకెలు. కరణాపాటవం సాధనాల లోపం. సంచిని పైనుంచి వేలాడదీసి లాగే యంత్రమే లేని కర్మాగారం, నేత ముక్కను లాగి మొత్తం సంచికి హామీ ఇస్తుంది. వాడిన ప్లాస్టిక్‌ను కరిగించి చేసిన గుళికలను కొత్తవని అమ్మడం విప్రలిప్స, అంటే మోసబుద్ధి. కొనేవారు భయపడేది దీనికే గానీ, అంతకంటే పట్టుకోవడం కష్టమైనది ప్రమాదం, అంటే ఏమరుపాటు. పేలుడు స్వభావమున్న పొడులకు వాడే టైప్ సి సంచిలో విద్యుత్‌ను నేలకు దింపే దారాలు అల్లి ఉంటాయి, నింపేటప్పుడు దాన్ని ఎర్త్ చేయాలి. కుట్టే దగ్గర ఆ దారాల కలయిక తప్పిపోయినా సంచి చూపుకు మామూలుగానే ఉంటుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కర్మాగారానికి వెళ్లి చూసే ఆడిట్ విప్రలిప్సను వెతకడంతో ఆగిపోతే మిగతా మూడూ గడప దాటుకుని వస్తాయి.

మాటను మొదట నమ్మి తర్వాత శంకించాలా, ముందు శంకించాలా అన్నచోట మీమాంసకులు, న్యాయదర్శనం వారైన నైయాయికులు విడిపోతారు. బాధకం, అంటే తప్పని చూపే ఆధారం, కనబడేదాకా జ్ఞానం తనంతట ప్రమాణమేనని మీమాంసకుడైన కుమారిలభట్టు వర్గం, కార్యం సఫలమైతేనే ప్రామాణ్యం తేలుతుందని నైయాయికులు. మందుల పరిశ్రమ రెండింటినీ వరుసగా వాడుకుంటుంది. హైదరాబాదు చుట్టుపక్కల తయారయ్యే బల్క్ డ్రగ్ సాధారణంగా రెండు పొరల పాలిథిన్ లైనర్లలో, వాటి మీద డ్రమ్ములో వెళుతుంది. కొత్త వెండరు లైనర్లకు పరీక్షలు ఎక్కువ. కొన్ని బ్యాచ్‌లు నిలదొక్కుకున్నాక తగ్గిస్తారు. శంకతో మొదలై, బాధకం వచ్చేదాకా నమ్మకంగా మారుతుంది.

ఆ శంకకు హద్దెక్కడ? సర్టిఫికెట్ ఇచ్చిన ల్యాబుకు, ల్యాబులను గుర్తించే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా, ఆ గుర్తింపును నమ్మడమెలా అని అడుగుతూ పోతే అనవస్థ, అంటే అంతులేని ప్రశ్నల వరుస. నైయాయికుడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో శంకకు హద్దు వ్యాఘాతమన్నాడు: తన ప్రవర్తనకే విరుద్ధమయ్యే చోట శంక నిలవదు. సరుకు నింపి ఓడ ఎక్కించిన సంస్థ, సంచి మోయదేమోనని ఇంకా శంకిస్తున్నానంటే చెల్లదు. దాని శంకకు చోటు ఆర్డరు ఇచ్చేముందు, దించుకున్న బ్యాచ్‌లోంచి నమూనాలు తీసేటప్పుడు. నైయాయికులడిగే సాఫల్యం మాత్రం దూరపు రేవులో సంచి దింపినప్పుడే తెలుస్తుంది. అప్పటిదాకా ఆ బ్యాచ్ నుంచి కొన్ని సంచులను ముట్టుకోకుండా దాచి ఉంచుతారు.