శరణాగతుడు ప్రశ్నింపవచ్చునా?

"భారమంతా స్వామిపై వేశాము. ఇక డాక్టరుగారిని గుచ్చి గుచ్చి అడగడమెందుకు? అది అవిశ్వాసం కాదా?" శస్త్రచికిత్సకు సిద్ధపడే ఇంట ఈ మాట తరచు వినబడుతుంది. వినడానికి భక్తిగానే ఉంటుంది. కాని అది శరణాగతియా, లేక భయమే శరణాగతి వేషం ధరించి పలికిన పలుకా అన్నది ఆస్తికులు నిదానించి చూడవలసిన విషయం. ఏలయనగా ఇందులో వేదాంత చర్చ మాత్రమే గాక ఒక మనిషి ప్రాణం కూడ ఇమిడి ఉన్నది.

ఈ ప్రశ్న నేడు కొత్త రూపంలో మన వాకిట నిలిచినది. పల్నాటి పత్తి చేల నుండి, అద్దంకి, ఒంగోలు, మార్కాపురం ప్రాంతాల మిరప తోటల నుండి రోగులు పెద్ద పట్టణాలకు పోయి, రోబో అనే యంత్రం సహాయంతో శస్త్రచికిత్స చేయించుకొనే రోజులు వచ్చినవి. హైదరాబాదులోని నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలో కూడ 2023లో ఈ యంత్రం నెలకొన్నది. గుంటూరుకు ఇట్టి సంకోచాలు కొత్తవి కావు. 1883లో అమెరికా నుండి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరచిన కాలంలో, పరాయి దేశస్థుల చేతి మందు ముట్టవచ్చునా అని ఆచారపరులు తర్జనభర్జన పడేవారు. ఆనాటి సంకోచం పరాయి చేతిని గురించి. ఈనాటిది చేయే కాని చేతిని గురించి.

"మరమనిషి కోస్తాడట" అని పల్లెలలో చెప్పుకొనే మాట నిజం కాదు. అక్కడ మనిషి రూపమేదీ ఉండదు. రోగిపైకి వంగిన ఇనుప హస్తాలు ఉంటాయి. ఉదరంలో బొగ్గుపులుసు వాయువును నింపి, చిటికెన వ్రేలి మందమైన లేని రంధ్రాల గుండా సన్నని పనిముట్లను, ఒక కెమెరాను లోనికి పంపుతారు. శస్త్రవైద్యుడు సాధారణంగా అదే గదిలో, కొన్ని అడుగుల దూరాన కూర్చుండి, లోపలి అవయవాలను పెద్దవిగా చూస్తూ తన వ్రేళ్ళను కదలిస్తాడు. ఆ కదలికను యంత్రం సూక్ష్మం చేసి, చేతి వణుకును వడగట్టి, పనిముట్టుకు అందిస్తుంది. 2001 సెప్టెంబరులో న్యూయార్కులో కూర్చున్న వైద్యులు సముద్రానికి ఆవల ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో పడుకొని ఉన్న రోగి పిత్తాశయాన్ని ఇదే విధంగా తొలగించారు. ఆసుపత్రులలో విరివిగా వాడే యంత్రంలో మరొక ఏర్పాటు కలదు. వైద్యుడు చూపుపెట్టె నుండి తల పైకెత్తితే చాలు, హస్తాలు ఉన్నచోటనే ఆగిపోతాయి. యంత్రానికి స్వసంకల్పం లేదు.

యంత్రం ఉపమానం గీతలోనే ఉన్నది గదా! పదునెనిమిదవ అధ్యాయం 61వ శ్లోకంలో, సర్వప్రాణుల హృదయంలో నిలిచిన ఈశ్వరుడు వారిని యంత్రంపై ఎక్కినవారిని వలె మాయచేత త్రిప్పుతున్నాడని భగవానుడు తెలిపినాడు. ఆ వెంటనే అతనినే ఆశ్రయింపుమని అర్జునునికి చెప్పినాడు. ఉపదేశం అంతటితో ఆగి ఉంటే, ప్రశ్నింపరాదనేవారి వాదమే నెగ్గేది. కాని ఆగలేదు. 63వ శ్లోకంలో, తాను చెప్పినదానిని పూర్తిగా పర్యాలోచించి తనకు తోచినట్లు చేయవచ్చునని, నిర్ణయాన్ని అర్జునునికే విడిచిపెట్టినాడు. సర్వధర్మాలను విడిచి తన్నొక్కనినే శరణు పొందుమన్న చరమశ్లోకం అటు తరువాత 66వదిగా వస్తుంది. ఈ వరుసను మనం పారాయణలో దాటిపోతాము గాని ఆలోచనలో దాటిపోరాదు. సర్వజ్ఞుడైన ప్రభువే అంతా విప్పి చెప్పి, ఆలోచించుకొనే వ్యవధి ఇచ్చి, ఆపైన శరణాగతిని కోరినాడు. పదునెనిమిది అధ్యాయాల పొడుగునా ప్రశ్నలు వేసిన శిష్యుని అవిశ్వాసి అని ఎక్కడా అనలేదు.

పూర్వాచార్యులు ప్రపత్తికి చెప్పిన అంగాలలో గోప్తృత్వ వరణం ఒకటి. నన్ను రక్షింపుమని నోరు తెరచి కోరడమే అది. కోరనిదే స్వామి రక్షింపలేడా? రక్షింపగలడు. అయినా చేతనుని ఇష్టాన్ని త్రోసి రక్షణను బలవంతాన రుద్దడు. సర్వేశ్వరుడే మన సమ్మతికై నిరీక్షిస్తుంటే, మన సమ్మతితో పని లేదని ఏ వైద్యుడు అనగలడు? ఏ కుమారుడు అనగలడు?

మార్జాలకిశోర న్యాయాన్ని నమ్మినవారు ఒక ఆక్షేపణ చేయవచ్చు. కోతిపిల్ల తల్లిని పట్టుకొంటుంది; పిల్లికూన ఏమీ చేయదు, తల్లియే నోట కరచుకొని పోతుంది; మేము పిల్లికూనలము, మాకు ప్రశ్నలెందుకు అని. ఆ న్యాయం జీవేశ్వర సంబంధానికి చెప్పినది. శస్త్రవైద్యుని ఆ తల్లి స్థానంలో నిలపడం న్యాయాన్ని తప్పుచోట ప్రయోగించడమే. వైద్యుడు నారాయణుడనే ఆర్యోక్తిని కూడ మనం తలక్రిందులు చేసి చెప్పుకొంటున్నాము. శరీరం శిథిలమైనవేళ గంగాజలమే ఔషధం, శ్రీహరియే వైద్యుడు అన్నది దాని ఆశయం. మందులిచ్చే ప్రతివారూ శ్రీహరి అని కాదు. వైద్యుడు గౌరవనీయుడు, విద్యావంతుడు, మనవలెనే పొరపడగలిగిన మనుష్యుడు. మనం చెప్పనిది అతనికి తెలియదు.

ఇక మన ఇండ్లలోని అసలు చిక్కును చూతము. "నన్నేం చేస్తార్రా?" అని తండ్రి అడుగుతాడు. "ఏం లేదు నాన్నా, చిన్న ఆపరేషన్. మీరు స్వామిని తలచుకొని పడుకోండి" అని కుమారుడు కళ్ళు తిప్పుకొంటాడు. వ్యాధి పేరు చెప్పరు. యంత్రం మాట చెప్పరు. చిన్న రంధ్రాలతో మొదలైన పని, లోపల రక్తస్రావం వంటి ఇబ్బంది ఎదురైతే, పెద్ద కోతగా మారవచ్చునన్న మాట అసలే చెప్పరు. ఆయన తట్టుకోలేడని వారి భయం. ప్రేమ చేతనే దాస్తారు, సందేహం లేదు. అయితే వడగండ్ల వానకు పైరు పోయిన ఏడు, పురుగు తిన్న పత్తిని పీకి పారవేసిన ఏడు, ధర లేక కళ్ళంలో మిరప ఎండిపోయిన ఏడు తట్టుకొన్న మనిషి తన శరీరాన్ని గురించిన నిజం తట్టుకోలేడని ఎవరు నిశ్చయించారు? ఎవరికి ఏది అప్పగిస్తున్నాడో ఎరుగనివాడు చేసే ఆత్మనిక్షేపం ఎట్టిది?

ఈ విషయంలో మన న్యాయస్థానం స్పష్టంగానే చెప్పినది. రోగిణి మత్తులో ఉండగా వెలుపల ఉన్న తల్లి సమ్మతి తీసుకొని గర్భాశయాన్ని తొలగించిన వ్యవహారంలో, 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సమ్మతి చెల్లదన్నది. యుక్తవయస్కురాలు, వివేకం కలది, ప్రాణాపాయపు తొందర లేనప్పుడు ఆమె మేల్కొనేవరకు ఆగి ఆమెనే అడగవలసి ఉన్నదని తీర్పు. ఇది పశ్చిమదేశపు భావమని త్రోసిపుచ్చడానికి కూడ వీలులేదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానం ఏడవ అధ్యాయంలో, మూత్రాశయపు రాయిని తీసే ముందు, చేయకుంటే మరణం తప్పదని, చేస్తే ఫలితం సందిగ్ధమని తెలిపి, ఈశ్వరుని అనుమతి పొంది మరీ చేయవలెనని విధించినారు. అక్కడ ఈశ్వరుడనగా ప్రభువు, అధికారం కలవాడు. నాడు ఆ అధికారం రాజుది. నేడు ఈ దేహానికి అధికారి దానిలో నివసించేవాడే.

చెప్పడం ఒకవైపైతే సిద్ధపడడం రెండవవైపు. ఇక్కడ మన ఆచారాలు వచ్చి పడతాయి గనుక కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మత్తు ఇచ్చే ముందు ఘనాహారం ఆరు గంటలు, నిర్మలమైన నీరు రెండు గంటలు మానడం సాధారణ నియమం. ఎవరి విషయంలో ఎంతకాలమన్నది మత్తువైద్యుడు నిర్ణయిస్తాడు. కడుపులో ఉన్నది మత్తులో పైకి వచ్చి ఊపిరితిత్తులలో పడితే ప్రాణాపాయం. ఏకాదశి వ్రతస్థులకు ఉపవాసమంటే అలవాటే గదా అని నిశ్చింతగా ఉండరాదు. మన ఉపవాసంలో పాలు, అరటిపండు చెల్లుతాయి; ఆ లెక్కలో అవి చెల్లవు. "ఉపవాసం ఉన్నాను" అని నిజాయితీగా చెప్పిన పెద్దావిడ తెల్లవారుజామున గ్లాసెడు పాలు త్రాగి ఉండవచ్చు. అట్లని పట్టుదలతో ముందురోజు నుండి నీరు కూడ ముట్టకపోవడం దేహాన్ని వృథాగా శోషింపజేస్తుంది. సుశ్రుతుడు సైతం ఉదరం, అర్శస్సు, అశ్మరి వంటి వాటికి ఉపవాసంతోనే శస్త్రకర్మ చేయుమని, తక్కిన కొన్నింటికి లఘువైన ఆహారం తరువాత చేయుమని వేరుపరచినాడు.

మంగళగిరి పానకాలస్వామి భక్తుడు పోసిన పానకంలో సగం స్వీకరించి సగం తిరిగి ఇస్తాడని ప్రతీతి. ఆ శేషాన్ని సీసాలో తెచ్చి, థియేటరుకు పోయే ముందు ఒక్క గుక్క పోయాలని ఇంటివారి ఆరాటం. ప్రసాదాన్ని కాదనరాదు, నిజమే. కాని బెల్లం, మిరియాలు, ఏలకులు కలిసిన పానకం నిర్మలజలం కాదు. చక్రపొంగలి సంగతి చెప్పనే అక్కరలేదు. కళ్ళకద్దుకొని, వైద్యులు తినవచ్చునన్న నాటికి దాచుకొంటే ప్రసాదానికి ఏ లోపమూ రాదు. మంగళసూత్రం, మెట్టెలు, ముక్కుపుడక తీయమన్నప్పుడు స్త్రీలు పడే మనోవ్యథ అంతకంటె పెద్దది. రక్తం ఆపడానికి విద్యుత్తుతో కాల్చే పనిముట్లు వాడుతారు గనుక లోహం ఒంటిపై ఉంటే చర్మం కాలే ప్రమాదం కలదు. బంగారం తీసి, అనుమతి అడిగి, పసుపుతాడు ఉంచుకొనే మార్గాన్ని ముందురోజే మాట్లాడుకోవచ్చు. చివరి నిముషంలో నర్సు చేయి చాపినప్పుడు కన్నీరు పెట్టుకొనే పరిస్థితి ఎందుకు రావాలి?

పొగ మానడం అన్నింటికంటె కష్టం. కళ్ళం కాపలాలో చుట్ట వెలిగించుకొనే రైతుకు నాలుగు వారాల ముందే మానుమని చెప్పాలి. ఊపిరితిత్తులకు, గాయం మానడానికి అది అవసరం. ప్రాతికూల్య వర్జనం అంటే ఇదే కదా అని నాకు తోస్తుంది. మధుమేహాన్ని అదుపులోకి తేవాలి. రక్తం పలుచబరచే మాత్రలు, పసరులు, చూర్ణాలు, అన్నీ దాచక చెప్పాలి. కొన్ని శస్త్రచికిత్సలలో, ముఖ్యంగా ప్రోస్టేటు గ్రంథికి చేసేటప్పుడు, తల బాగా క్రిందికి వచ్చేట్లు రోగిని వాల్చి గంటల తరబడి ఉంచుతారు. అప్పుడు కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. నీటికాసులు ఉన్నవాడు ఆ మాట చెప్పకపోతే, అడగని డాక్టరుదా తప్పు, చెప్పని రోగిదా?

యంత్రం కొత్తదైనంత మాత్రాన అన్నిటికీ మేలైనదని కూడ అనుకోరాదు. 2018లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో, గర్భాశయ ముఖద్వారపు కాన్సరుకు చిన్న రంధ్రాల ద్వారా, యంత్రంతోనో యంత్రం లేకుండానో, చేసిన శస్త్రచికిత్సల కంటె పాతపద్ధతిలో ఉదరం తెరచి చేసినవారే ఎక్కువమంది బ్రతికినారు. ఆ జబ్బు మన ప్రాంతపు కూలి స్త్రీలలోనూ కనబడేదే. ఎకరం అమ్మి యంత్రానికి పోయే ముందు, "నా జబ్బుకు ఇది అవసరమా? మామూలు పద్ధతిలో చేస్తే ఏమి తేడా? మీరు ఇట్టివి ఎన్ని చేశారు?" అని చేతులు జోడించి అడగడంలో అమర్యాద ఏమున్నది?

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో శస్త్రచికిత్సాలయాలకు ఒక పట్టిక ఇచ్చినది. మత్తు ఇచ్చే ముందు బల్లపై పడుకొన్న రోగినే, బంధువులను కాదు, పలుకరిస్తారు. "మీ పేరేమిటండీ? ఈ రోజు మీకు ఏ ఆపరేషన్ చేస్తున్నాము? ఎక్కడ? మీకు ఇష్టమేనా?" కుమారుడు తలుపు అవతల ఉంటాడు. వైద్యుడు చూపుపెట్టె ముందు ఇంకా కూర్చుండలేదు. గుడ్డలు కప్పిన ఇనుప హస్తాలు కదలక నిలిచి ఉంటాయి. పెద్దాయన తన పేరు చెబుతాడు. రెండవ ప్రశ్నకు సమాధానం ఆయనకు ఎవరైనా ముందుగా తెలిపి ఉంటేనే చెప్పగలడు.