కరువులో లేచిన గోపురం



మన వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వైపు నుండి మెదక్ దేవాలయం చూచి వచ్చినవారు మొదట చెప్పేది దాని ఎత్తు సంగతే. గోపురం సుమారు 175 అడుగులు. ఆలయం పొడవు 200, వెడల్పు 100 అడుగులు. అది మన కతోలిక సభది కాదు, సి.ఎస్.ఐ. వారిది. అయినా దాని రూపం పుట్టింది మధ్యయుగపు కతోలిక పట్టణాలలోనే.

పారిస్‌లో నోత్రదాం దేవాలయం పని 1163 ప్రాంతంలో మొదలై దాదాపు రెండు వందల ఏళ్లు సాగింది. పునీత అక్వీనాసు తోమాసుగారు అక్కడ పాఠాలు చెప్పే రోజులలో కూడా పని నడుస్తూనే ఉంది. (సెమినరీలో ఆయన తత్త్వశాస్త్రం చదివిన మాకు ఆ సుత్తి చప్పుడు సంగతి ఎవరూ చెప్పలేదు!) గుండ్రటి కమాను బరువును పక్కలకు ఎక్కువగా తోస్తుంది. మొన తేలిన కమాను ఎక్కువ బరువును కిందికి, స్తంభాల మీదికి దించుతుంది. అందువలన గోడలు తేలికపడి పెద్ద కిటికీలకు చోటు దొరికింది. అక్షరం రానివారు రంగుటద్దాలలో సువార్తను చూచారు. మెదక్‌లోనూ ప్రభువు జననం, సిలువ మరణం, ఆరోహణం అలాగే కనబడతాయి.

అయితే నన్ను ఆపేది అద్దాలు కాదు. కరువు రోజులలో ఆకలితో ఉన్న పల్లెవారికి పని చూపి తిండి పెట్టాలని పోస్నెట్ దొరగారు ఆ పని నడిపించారు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. రాళ్లు మోసినవారి పేర్లు మాత్రం మనకెవరికీ తెలియవు.

ఈ మాట మనకు తగులుతుంది. ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీ ఉంటాడని పేరు. మన విచారణలో నేటికీ కొన్ని ఇండ్లకు తాళాలున్నాయి. ఇప్పుడు మన రేకుల గుడి తీసి కొత్త దేవాలయం కట్టాలంటున్నారు. గుత్తేదారుకు ఇస్తే ఆరు నెలల పని. మనవారే కడితే రెండేళ్లు, ఖర్చు కూడా కొంత ఎక్కువ. సంఘ పెద్దలలో ఎక్కువమంది ఆరు నెలల వైపే ఉన్నారు. వానకు కారే గుడిలో పూజ చేసేవాణ్ణి, వారి తొందర నాకూ తెలుసు. అయినా నా మనస్సు రెండేళ్ల వైపే ఉంది. క్రిస్మస్‌కు బొంబాయి నుండి మన మేస్త్రీలు వస్తారు. వారిని కూడా కూర్చోబెట్టి అడిగిన తరువాతనే సంతకం చేస్తాను.