రెండవ సాక్షి

పైనుంచి కాపలా కాసేవాడు లేనిచోట, సమానులైన మనుషులు తమ నియమాలను తామే ఎట్లా నిలుపుకుంటారు? సంఘనీతికి అసలైన పరీక్ష ఇదే. డిస్కు గోల్ఫు ఆట నిబంధనలు చదివినప్పుడు ఈ ప్రశ్న నన్ను వెంటాడింది.

ఇది అమెరికాలో రూపుదిద్దుకున్న ఆట. బంతికి మారుగా పళ్ళెం వంటి ప్లాస్టిక్ డిస్కును విసురుతారు. గుంటకు మారుగా గొలుసులు వేలాడే బుట్ట ఉంటుంది. తక్కువ విసురులలో బుట్టకు చేర్చినవాడు గెలుస్తాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ దీనికొక శాశ్వత మైదానం ఏర్పరచాడు. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను స్థాపించాడు.

డిస్కు పడినచోట చిన్న గుర్తు డిస్కు పెడతారు. దాని వెనుక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు గల జాగా ఉంటుంది. మళ్ళీ విసిరే క్షణాన ఆటగాడి పాదం అందులో ఆని ఉండాలి. గుర్తుకు ముందు నేలమీద మోపరాదు. బుట్టకు 10 మీటర్ల లోపలైతే, విసిరిన తరువాత కూడా నిలదొక్కుకోనిదే ముందుకు అడుగు వేయరాదు. తప్పితే లెక్కలో ఒక విసురు శిక్షగా కలుపుతారు.

ఐతే ఆ తప్పు పట్టేదెవరు? చాలా పోటీలలో గుంపు వెంట అంపైరు ఉండడు. కలిసి ఆడేవారే సాక్షులు, వారే న్యాయమూర్తులు. స్పష్టంగా జరిగిన తప్పును వారు వెంటనే చెప్పాలి. ఒక ఆటగాడు చెప్పినదాన్ని గుంపులో మరొకడు బలపరచాలి. లేకుంటే అది చెల్లదు.

చెప్పడం తేలిక కాదు. పరుగెత్తి విసిరేవాడి పాదం జానెడు జాగాలో పడిందో లేదో రెప్పపాటులో చూడాలి. చూసినా, చెప్పేవాడు అతనికి పోటీదారు గనక, ఓర్వలేక అంటున్నాడనే నింద సిద్ధంగా ఉంటుంది. తొక్కుడుబిళ్ళ ఆటలో గీత మీద కాలుపడితే పిల్లలంతా ఒక్కసారే అరుస్తారు. పెద్దవాళ్ళకు మొహమాటం అడ్డు వస్తుంది.

నాలుగంగుళాలు పక్కకు పడితే ఒరిగేదేమిటి, స్నేహం చెడగొట్టుకోవడమెందుకు అని కొందరంటారు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. వందల అడుగుల దూరం విసిరేచోట నాలుగంగుళాల లాభం స్వల్పమే. ఐతే దానికి మందు నిబంధనను అందరి ఎదుట, అందరి కోసం మార్చడం. ఆ సంఘం అట్లా మార్చింది కూడా. పూర్వం పాదం గుర్తు వెనుక ఒక సన్నని గీత మీదనే ఆనవలసి ఉండేది. ఆ గీతనే తరువాత ఇప్పటి జాగాగా వెడల్పు చేశారు. చాటుమాటు సడలింపు అట్లా కాదు, మనిషిని చూసి జరుగుతుంది. పేరున్నవాడికి ఉపేక్ష, కొత్తవాడికి శిక్ష దక్కుతాయి. అడుగు సరిచూసుకుంటూ విసురు వేగం తగ్గించుకున్నవాడు తన నిజాయితీకి తానే జరిమానా కడతాడు.

మరొకడు బలపరచాలనే షరతు అసూయాపరుడికి మంచి కళ్ళెం. కాని అదే షరతు పక్కవాడి మౌనానికి తీర్పు చెప్పే శక్తినిస్తుంది. చూసి ఊరుకున్నవాడు తాను తటస్థుణ్ణని అనుకుంటాడు. నిజానికి తప్పు జరగలేదని తీర్పు చెప్పినవాడు అతడే. సాహసించి చెప్పిన మొదటివాణ్ణి అబద్ధాలకోరును చేసినవాడూ అతడే.

పాలకులు పైనుంచి రుద్దే చట్టాన్ని శంకించడం మనకు అలవాటు. అది మంచి అలవాటే. సమానులు తమకోసం తాము చేసుకున్న నియమం సంగతి వేరు. దానికి పోలీసు లేడు, ఉండకూడదనే మనం కోరుకుంటాం. అట్లా కోరేవాడు, మరొకడు నిజం చెప్పినప్పుడు అతని పక్కన నిలబడడానికి కూడా సిద్ధపడాలని నేనంటాను. "నేనూ చూశాను" అనే రెండు మాటలు పలకలేని గుంపు ఏదో ఒకనాడు తనకు తానే అంపైరును అడిగి తెచ్చుకుంటుంది.